రోడ్డు దాటించి కర్ర ఇచ్చినాయన

కాకా పోయాడని మాకు చెప్పింది ఆయన కొట్టు మెట్ల కింద జామకాయలు అమ్మే ఆవిడ. "శుక్కురారం పొద్దుగాల పోయిండమ్మా. నిద్రల్నే పోయిండు. గురువారం నా తాన రెండు కాయలు తీస్కున్నడు. ఎప్పటిలెక్కనే పది కాయలు నొక్కి సూసిండు" అంది. ఆ చివరి మాట దగ్గర ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నాకూ అంతే. పది కాయలు నొక్కితే గానీ రెండు కాయలు ఎంచుకోని మనిషి ఎవరంటే అబిడ్స్‌లోని ఆ సందులో ఎవరైనా కాకా పేరే చెబుతారు.

మేము వెళ్ళింది నా గోల్ఫ్ కర్రకి చేతిపట్టు రబ్బరు మార్పించుకోవడానికి. మెట్లెక్కి చూస్తే కొట్టు తలుపు మూసి ఉంది. తలుపుకి ఆయన ఫోటో, ఫోటోకి బంతిపూల దండ, కింద పేరు. ఏడేళ్ళ పరిచయంలో ఆయన పేరు చదవడం నాకదే మొదటిసారి. ఊరంతటికీ ఆయన కాకాయే. ఆ పేరు ఇక్కడ రాయను. దేని మీదైనా ఏదైనా రాసి ఉంటే ఆయనకి ఒళ్ళు మండేది, అందుకని.

గోల్ఫ్ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. బంతిని కొట్టే కర్రకి కింద ఒక తల ఉంటుంది, పైన రబ్బరు పట్టు ఉంటుంది. ఆ రెంటికీ మధ్యనున్న సన్నటి పొడుగాటి గొట్టాన్ని షాఫ్ట్ అంటారు. కాకా దాన్ని డండీ అనేవాడు. విసురుగా ఊపినప్పుడు ఆ డండీ కంటికి కనపడనంతగా వంగి, మళ్ళీ నిటారవుతుంది. ఆ వంగే గుణానికి ఆయన పెట్టుకున్న మాట లచక్. మన చేతి ఊపుకి తగిన లచక్ దొరికితే బంతి మన మాట వింటుంది. దొరక్కపోతే బంతి దాని ఇష్టం వచ్చిన చోటికి పోతుంది, మన మోచెయ్యి డాక్టరు దగ్గరికి పోతుంది.

కంపెనీవాళ్ళు డండీల మీద అక్షరాలు అచ్చువేస్తారు. ఆడవాళ్ళకని ఒకటి, వయసు మళ్ళినవాళ్ళకని ఒకటి, మామూలు మగవాళ్ళకొకటి, బలవంతులకొకటి, మహా బలవంతులకొకటి. ఇక చూడండి తమాషా. కొనడానికి వచ్చే మగవాళ్ళలో మామూలువాడు ఒక్కడూ ఉండడు. అరవై దాటి, మెట్లెక్కితే ఆయాసపడేవాళ్ళు కూడా బలవంతుల అక్షరం దగ్గరే ఆగుతారు. అందుకే కాకా తన కొట్టులోకి ఏ డండీ వచ్చినా ముందు ఆ అక్షరం మీద నల్ల టేపు చుట్టేసేవాడు. "చదువుకున్నోళ్ళతోని గిదే పరేషాన్ అమ్మా. ముందుగాల చదువుతరు, తర్వాత ఊపుతరు" అనేవాడు. ఆయన చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ఉండేది. దాంతో ఆయన ఏదైనా రాయగా నేను చూడలేదు.

కొత్తవాళ్ళు వస్తే ఆయన ఎత్తు అడగడు, వయసు అడగడు. "సార్, జర ఆ పక్కకు పోయి ఒక చాయ్ పట్టుకరాండ్రి" అంటాడు. చాయ్ హోటలు రోడ్డుకి అవతల ఉంది. మధ్యలో ఉన్నది అబిడ్స్ రోడ్డు. మనం వెళ్ళేదాకా కుర్చీలో జారగిలబడి, వెళ్ళగానే లేచి కిటికీ దగ్గర నిలబడతాడు. మనం రోడ్డు ఎలా దాటామో, చేతిలో గ్లాసుతో ఎలా తిరిగొచ్చామో, ఎంత ఒలకబోశామో అంతా చూస్తాడు. చాయ్ తాగేస్తాడు. తర్వాత గోడకి ఆనించిన డండీల్లోంచి ఒకటి తీసి చేతికిస్తాడు. అంతే పరీక్ష.

ఆదివారాలు కొట్టు తెరిచేవాడు గానీ పరీక్ష పెట్టేవాడు కాదు. "ట్రాఫికే లేదు, దాటుడేముంది? రేపు రాండ్రి" అని పంపేసేవాడు. నుమాయిష్ ఎగ్జిబిషన్ జరిగే నెలన్నరా మాత్రం నాంపల్లి జనమంతా ఇటు పొంగేవారు, పరీక్ష మరీ కఠినమయ్యేది. ఒక పెద్ద సర్జను చుక్క ఒలక్కుండా చాయ్ తెచ్చాడట, ఇరవై నిమిషాలు పట్టిందట. ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు నిమిషంలో వచ్చాడట, గ్లాసు మాత్రమే వచ్చిందట. ఒకసారి ఒక పోలీసు అధికారి యూనిఫారంలోనే దిగి, చెయ్యెత్తి, బస్సులతో సహా అన్నిటినీ ఆపేసి దర్జాగా దాటాడట. కాకా చాయ్ ముట్టుకోలేదు. "సార్, గిది మీరు దాటలేదు, మీ టోపీ దాటింది. టోపీ ఈడ పెట్టి మల్లొకపారి పోయి రాండ్రి" అన్నాడట. ఆ అధికారి వెళ్ళొచ్చాడని కూడా చెప్పేవాడు. అక్కడ నాకు కొంచెం అనుమానం ఉంది.

మేము ఎవరమో చెప్పనే లేదు కదా. మా మామగారిది తెనాలి పక్క. యాభయ్యారులో రాజధానితో పాటు, ఫైళ్ళ పెట్టెలతో పాటు కర్నూలు నుంచి వచ్చి నాంపల్లిలో అద్దెకి దిగారు. మా ఆయన ఇక్కడే పుట్టి, ఇక్కడే ఇంజనీరై, లక్డీకాపూల్ దగ్గరి ఆఫీసులోంచి రిటైరయ్యారు. ఆరడుగుల మనిషి. దానికి తగ్గ మీసం, మీసానికి తగ్గ గొంతు. నేను ఐదడుగులు నిండను. కాలేజీలో బాల్ బ్యాడ్మింటన్ ఆడిన చేతులు నావి. ఉద్యోగం చివరి రోజుల్లో పై అధికారుల మాట మీద ఆయన గోల్ఫ్ పట్టుకున్నారు. ఊరికే చూద్దామని వెంట వెళ్ళిన నేను చూడ్డంతో ఆగలేదు.

ఇద్దరికీ కర్రలు చేయిద్దామని ఎవరో చెప్పగా కాకా దగ్గరికి వెళ్ళాం. మా ఆయన్ని ముందు చాయ్‌కి పంపాడు. నేను కిటికీ దగ్గర కాకా పక్కనే నిలబడి చూశాను. పెళ్ళయి ముప్పయ్యేళ్ళు దాటినా మా ఆయన్ని అలా పైనుంచి చూడడం అదే మొదలు.

అంచున నిలబడ్డారు. ఇటు చూశారు, అటు చూశారు. ఒక బస్సుని పోనిచ్చారు. రెండు ఆటోలని పోనిచ్చారు. అరటిపళ్ళ తోపుడుబండి వస్తే "రా నాయనా" అన్నట్టు చెయ్యి ఊపి దానికీ దారిచ్చారు. నాలుగడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చారు. చివరికి నెమ్మదిగా, ఊరేగింపులో నడిచినట్టు దాటారు. తిరిగొచ్చేటప్పటికి గ్లాసు నిండుగా ఉంది, చాయ్ మీద మీగడ కట్టింది.

తర్వాత నన్ను పంపాడు. నేను ఎలా దాటానో నాకు తెలియదు. వెనకాల ఒక ఆటో అతను నన్నేమన్నాడో మాత్రం విన్నాను, అది రాయదగ్గది కాదు. తెచ్చిన చాయ్‌లో సగం నా చేతి మీదే ఉంది.

కాకా రెండు చాయ్‌లూ తాగి, మూతి తుడుచుకుని తీర్పు చెప్పాడు. "సార్‌ది నింపాది చెయ్యి. పైకి పోతది, ఆడ జరసేపు ఆగి ఆలోచిస్తది, మెల్లగ దిగుతది. గసోంటి చేతికి మెత్త డండీ గావాలె. మెత్తదైతె తోడొచ్చి కొడ్తది. అమ్మది పూరా పైకి పోకముందే కిందికి ఉరికే చెయ్యి. అమ్మకు మెత్తది ఇస్తె బంతి యాడ పడ్తదో దేవునికే ఎరుక. అమ్మకు గట్టిది."

మా ఆయన మీసం కొస కదిలింది. "అంటే మా ఆవిడకి గట్టిదీ, నాకు మెత్తదీనా?" అన్నారు.

"సార్, నేను మీ ఇంటి సంగతి చెప్తలేను. చెయ్యి సంగతి చెప్తున్న."

అంతే, మా ఆయన మెట్లు దిగిపోయారు. నేను ఆగి నా కర్రలు చేయమని చెప్పి దిగాను. ఆ వారంలోనే ఆయన ఊరికి అటు కొసన ఉన్న ఒక అద్దాల దుకాణంలో కర్రలు కొనుక్కొచ్చారు. "మీ పర్సనాలిటీకి ఇది తప్ప ఇంకేం ఆనదు సర్" అన్నాడట అక్కడి అబ్బాయి. నల్లగా నిగనిగలాడే డండీలు, ఒక్కోదాని మీదా బలవంతుల అక్షరం వెండి రంగులో మెరుస్తోంది. ఆ అక్షరం కనపడేలా ఆయన సంచీలో కర్రలు సర్దుకునేవారు.

నా కర్రలు తయారైన రోజు కాకా నన్ను మొజంజాహీ మార్కెట్ దాకా నడిపించాడు. కర్రలు పూర్తయితే గిరాకీని వెంటబెట్టుకెళ్ళి, ఆ కాలంలో ఏ పండు ఉంటే ఆ పండు ఐస్‌క్రీము తినడం ఆయన ఆచారం. అది తినడం కూడా పాఠమే. "అమ్మా, ఆ చెంచా ఎట్ల పట్టుకున్నరో సూడుండ్రి. గట్టిగ పిస్కుతున్నరా? లేదు. కింద పడ్తదా? పడదు. కర్రను గట్లనే పట్టుండ్రి. తాకత్ సూపెట్టాల్నంటె బేగంబజార్ పోయి బస్తాలు మొయ్యాలె, గోల్ఫ్ ఎందుకు?" అన్నాడు. మర్నాడు మైదానంలో నా బంతి నేను చూసిన వైపుకే పోయింది. నాకే నమ్మకం కుదర్లేదు.

మా ఆయన బంతులు మాత్రం కుడివైపు చెట్లలోకి పోయేవి. పోయిన కొద్దీ ఆయన ఇంకా బలంగా కొట్టేవారు. మూడో ఏటికి మోచెయ్యి పట్టేసింది. గ్లాసు ఎత్తితే నొప్పి, తలుపు గొళ్ళెం తీస్తే నొప్పి. డాక్టరు నాలుగు నెలలు ఆట మానమన్నాడు. "మళ్ళీ మొదలుపెట్టాక నొప్పి తిరిగొస్తే ఇక ఆట సంగతి మర్చిపోండి" అని కూడా అన్నాడు. కర్రల సంచీ అటక ఎక్కింది.

ఆ నాలుగు నెలలూ నేను పడ్డ పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు. మా ఆయన వంటింట్లోకి వచ్చారు. పప్పుల డబ్బాలకి చీటీలు అంటించారు. పోపుల పెట్టెలో ఆవాలు ఎక్కడ ఉంటే సమయం కలిసొస్తుందో నాకు వివరించారు. ఇది నవ్వులాటకే అనుకోండి. ఒకరోజు తెల్లవారుజామున లేచి చూస్తే ఆయన బాల్కనీలో కూర్చుని ఉన్నారు, కాళ్ళకి గోల్ఫ్ బూట్లు ఉన్నాయి. "ఎక్కడికండీ?" అన్నాను. "ఎక్కడికీ లేదు. అలవాటుగా వేసుకున్నాను" అని బూట్లు విప్పడం మొదలుపెట్టారు. ఎడమ చేత్తో లేసు ఊడదీయడం చేతకాక అవస్థ పడుతున్నారు. నిజం చెప్పొద్దూ, ఆ మీసమూ గొంతూ లేకపోతే నా ఇల్లు నా ఇల్లులా లేదు. ఎలాగైనా సరే ఆయన మళ్ళీ ఆడాలనుకున్నాను.

ఆయన విజయవాడలో పెళ్ళికి వెళ్ళిన రోజు చూసుకుని అటక మీంచి ఒక కర్ర తీసి, దుప్పట్లో చుట్టి, మా ఇంటి దగ్గర మలక్‌పేటలో మెట్రో ఎక్కబోయాను. తనిఖీ చేసే అమ్మాయి ఆపింది. "ఏందమ్మా గిది? దేవునిదా?" అంది. ఔనన్నాను. ఆ పిల్ల పాపం దండం పెట్టి పంపింది.

ఆ సంగతి నేను చెబుతుండగా కాకా దుప్పటి విప్పి, కర్రని చూసి, నన్ను చూసి నవ్వాడు. "ఇంట్ల చెప్పకుండ తెచ్చిన్రు."

"ఔను కాకా. వీటన్నిటికీ మెత్త డండీలు వేసి పెట్టు. ఇలాగే నల్లగా ఉండాలి. దాని మీద ఈ గట్టి అక్షరమే అంటించు. ఆయనకి తెలియకూడదు" అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. కర్రని మెల్లగా బల్ల మీద పెట్టాడు. "అమ్మా, ఇరవయ్యేండ్ల సంది అక్షరాలు మూస్తున్న. తప్పు అక్షరం ఒక్కటి అంటియ్యలే. అది మాత్రం నాతోని కాదు."

"ఆయన ఒప్పుకోరు కాకా. అలాగని ఈ కర్రలతో ఆడితే ఈసారి చెయ్యి పోతుంది. ఆట లేకపోతే మనిషి మనిషిలా లేడు" అన్నాను.

కాకా కర్రని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత అన్నాడు. "గిట్ల చేద్దాం. మెత్తవి వేస్త. అక్షరం అసలే ఉండదు, పూరా గీకేస్త. సార్ వచ్చి నన్ను అడుగకపోతె నేను చెప్ప. అడిగితె మాత్రం ఉన్నదున్నట్టు చెప్త. మీరడిగినా గంతే. నాకు ఇద్దరూ గిరాకులే. చెప్పకుండ ఉండుడు వేరె, అబద్ధం చెప్పుడు వేరె."

ఆయన కొట్టు మెట్లు మళ్ళీ ఎక్కుతానని మా ఆయన ఏనాడూ అనలేదు, కాబట్టి అడిగే ప్రశ్నే లేదనుకున్నాను. సరేనన్నాను. మర్నాడు మిగతా కర్రలన్నీ ఆటోలో వేసుకెళ్ళాను. అప్పుడు చూడాలి ఆయన పని. తలని వేడిచేసి, మెత్తబడ్డ జిగురులోంచి పాత డండీని లాగేవాడు. కొత్త డండీ ఒక కొస బల్లకున్న పట్టకారులో బిగించి, రెండో కొసని వేలితో మీటి, కళ్ళు మూసుకుని, దాని ఊగుడుతో పాటు తలాడిస్తూ ఉండేవాడు. "గట్టిది గజగజ వణుకుతది, మెత్తది ఉయ్యాల లెక్క ఊగుతది" అన్నాడు. ఆగిపోయేదాకా కళ్ళు తెరిచేవాడు కాదు. నచ్చకపోతే పక్కన పెట్టి ఇంకోటి. జామకాయల ఆవిడ పడే బాధ నాకప్పుడు అర్థమైంది.

పెళ్ళి నుంచి వచ్చాక మా ఆయనకి నేనే చెప్పాను. "అటక దుమ్ము పట్టిందని కర్రలు కిరసనాయిలుతో తుడిచానండీ. ఆ అక్షరాలు కాస్తా చెరిగిపోయాయి." కాకా ఆడనన్న అబద్ధం నేను గుక్క తిప్పుకోకుండా ఆడేశాను. ఆయన నిట్టూర్చి ఊరుకున్నారు.

నాలుగు నెలలు నిండిన రోజు మైదానానికి వెళ్ళాం. ఆయన భయపడుతూ, సగం బలంతో ఊపారు. బంతి లేచి, నేరుగా వెళ్ళి, ఆయన ఎన్నడూ చూడని చోట పడింది. ఆయన బంతి వంక చూడలేదు. తన మోచేతి వంక చూసుకున్నారు. "నొప్పి లేదేమిటే!" అన్నారు, ఎవరో తనది ఏదో ఎత్తుకుపోయినట్టు. "నేను రోజూ రాసిన తైలం మంచిదండీ" అన్నాను. మళ్ళీ కొట్టారు. మళ్ళీ. ఇంటికొచ్చేటప్పుడు దారంతా పాట పాడారు. పప్పుల డబ్బాల చీటీలు ఆ సాయంత్రమే పీకేశాను.

ఆ తర్వాత నాలుగేళ్ళు మా ఇంట్లో మహా సంబరంగా గడిచాయి. మీసం తిరిగి లేచింది. తోటి ఆటగాళ్ళతో "మేము గట్టి షాఫ్టులు ఆడేవాళ్ళం" అని ఆయన కోతలు కోస్తుంటే నేను చెట్టు చాటుకి పోయి నవ్వుకునేదాన్ని.

గుండె ఆగినంత పనైంది మాత్రం ఒక్కసారే. ఒకరోజు ఆయనే "నా కర్ర పట్టు జారుతోంది, ఆ అబిడ్స్ కాకా దగ్గరికి పోదాం పద" అన్నారు. ఎన్ని సాకులు చెప్పినా వినలేదు. కొట్టులో కూర్చున్నంతసేపూ నేను తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. కాకా ఆ కర్రని బిగించి, మీటి, కళ్ళు మూసుకున్నాడు. మా ఆయన దాన్నే చూస్తున్నారు. ఇప్పుడడుగుతారు, ఇప్పుడడుగుతారు అని నా ప్రాణం కొట్టుకుంటోంది.

"కాకా" అన్నారు మా ఆయన.

"చెప్పుండ్రి సార్."

"మా ఆవిడ కర్రలు కూడా ఓసారి చూడు. నావైతే గట్టివి, వాటికేం కాదు."

అంజీరు నములుతున్న కాకాకి పొరబోయింది. దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేను మంచినీళ్ళిచ్చాను. "ఔ సార్, ఔ సార్" అంటూ మా ఇద్దరికీ చెరో అంజీరు ముక్క పెట్టాడు. అడగలేదు, బతికిపోయాననుకుంటూ మెట్లు దిగాను. అప్పటినుంచి మేమిద్దరం కలిసే ఆయన దగ్గరికి వెళ్ళేవాళ్ళం. మేము వెళ్ళినప్పుడల్లా ఆయన ముఖం పెళ్ళిపందిరిలా వెలిగేది. అది మా మీద అభిమానమే అనుకున్నాను.

మూసిన తలుపు చూసి తిరిగొస్తూ నాంపల్లిలో మెట్రో ఎక్కాం. పక్కపక్కనే సీట్లు దొరికాయి. మలక్‌పేట బండి బదులు అసెంబ్లీ వైపు పోయే బండి ఎక్కామని రెండు స్టేషన్లు పోయాక చూసుకున్నాం. దిగి మళ్ళీ ఇటు బండి ఎక్కాం. అప్పుడన్నారు. "నావి మెత్త కర్రలని కాకా నాకు ఎప్పుడో చెప్పాడు."

నేను గిరుక్కున ఆయన వైపు తిరిగాను.

"అక్షరం కిరసనాయిలుకి చెరుగుతుందటే? ఇంజనీర్ని. మర్నాడు నువ్వు పూజలో ఉన్నప్పుడు వంటింటి కాటా మీద పెట్టి తూచాను. పాతదాని బరువు కొన్నప్పటి కాగితంలో ఉంది, దానికీ దీనికీ పొంతన లేదు. ఒక్కణ్ణే వెళ్ళి అడిగాను. ఉన్నదున్నట్టు చెప్పాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు దుప్పట్లో చుట్టుకుని, దేవుడిదని చెప్పి మెట్రో ఎక్కి తీసికెళ్ళావట. అంత పాటుపడి దాచావు. నాకు తెలుసులే అని ఒక్క ముక్కతో దాన్ని పాడుచేయబుద్ధి కాలేదు."

"మరి గట్టివి, గట్టివి అని ఊరంతా కోతలు కోశారు కదండీ!"

"మానేస్తే నీకు అనుమానం రాదూ?"

ఆయన పరువు కాపాడుతున్నాననుకుని నాలుగేళ్ళు మురిసిపోయాను నేను. నా దొంగతనం బయటపడకుండా అన్నేళ్ళూ కాపలా కాసింది ఆయన. మా ఇద్దరి మధ్యా కూర్చుని, ఎవరికీ ఒక్క అబద్ధమైనా చెప్పకుండా, ఇద్దరి గుట్టూ మోశాడు కాకా. మీరడిగినా గంతే అన్నాడు కదా, నాకు అడగాలని తోచనే లేదు. ఆ రోజు ఆయనకి పొరబోయింది ఎందుకో తలుచుకునేసరికి నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చేశాను. నా ఎదుటి సీట్లో ఉన్న పిల్ల లేచి మంచినీళ్ళ సీసా ఇచ్చింది. కాకా అంటే నాకు ఎంత ఇష్టమో ఆ సీసా పట్టుకున్నాకే తెలిసింది.

మర్నాడు పొద్దున మైదానంలో మా ఆయన ఆట మొదలుపెట్టకుండా తన జట్టువాళ్ళని పిలిచారు. ముగ్గురున్నారు. "నిన్న మాకు కావలసిన మనిషి పోయాడని తెలిసింది. ఆయన పేరు చెప్పి ఒక నిజం ఒప్పుకుంటున్నాను. నావి గట్టి షాఫ్టులు కావు, వయసు మళ్ళినవాళ్ళు ఆడే మెత్తవి. గట్టివి మా ఆవిడవి" అన్నారు. గొంతు ఎక్కడా తగ్గించలేదు. నాకు గర్వంతో ఒళ్ళు పులకరించింది.

ఇద్దరు పకపకా నవ్వారు. మూడో ఆయన, నాంపల్లి కోర్టులో చాలాకాలం ప్లీడరీ చేసిన పెద్దాయన, నవ్వలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచారు. మోచేతికి పట్టీ కట్టి ఉంది.

"నీవి గట్టివని రోజూ చెబుతుంటే కదయ్యా నేనూ గట్టివే కొన్నాను. రెండేళ్ళ నుంచి ఈ చేత్తో అన్నం కూడా కలుపుకోలేకపోతున్నాను. ఆ కాకా కొట్టు ఎక్కడుందో చెప్పు. ఆయన లేకపోతే ఆయన కొడుకో, శిష్యుడో ఎవరో ఉంటారుగా?"

"ఎవరూ లేరండీ" అన్నాను నేను. "ఒక్కడే చేసేవాడు."

మా ఆయన తన కర్ర తీసి ఆయన చేతికిచ్చారు. ప్లీడరు గారు పళ్ళ బిగువున ఊపారు. బంతి తేలిగ్గా లేచి, గడ్డి నడిమధ్యగా పోయి చాలా దూరాన పడింది. ఆయన మోచెయ్యి తడుముకున్నారు. ఇంకోసారి తడుముకున్నారు. కర్రని అటూ ఇటూ తిప్పి చూసి మా ఆయన వైపు తిరిగారు.

"పోయిన వారం దాకా ఉన్నాడు కదయ్యా" అన్నారు. "ఒక్కసారి నన్ను తీసికెళ్ళలేకపోయావూ?"

మేమిద్దరం తలలు వంచుకుని నిలబడ్డాం.